నల్లజాతి చిత్రకారులకు సొంత గోడలు

షికాగో దక్షిణ భాగంలో 1930లలో నల్లజాతి చిత్రకారులు ఎందరో ఉన్నా, బొమ్మలను పదిమందికీ చూపుకునే చోటు వారికి దాదాపు లేదు. నగరంలోని గ్యాలరీల్లో చాలావాటి తలుపులు వారికి తెరుచుకోలేదు. ఆ లోటు తీర్చడానికే 1940 డిసెంబరులో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మొదలైంది. ప్రభుత్వ ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు అండగా నిలిచింది. భవనం కొనడానికి డబ్బు మాత్రం స్థానికులే పోగుచేశారు. యువ చిత్రకారిణి మార్గరెట్ బరోస్ వీధిలో నిలబడి పది సెంట్ల నాణేలు అడిగి తెచ్చారు. ఆ కేంద్రానికి అసలు బలం ఈ చిల్లర డబ్బులే. 1941 మేలో అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. చార్లెస్ వైట్ వంటివారి చిత్రాలు అక్కడ గోడలెక్కాయి. ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్‌కు డార్క్‌రూమ్ దొరికింది. యుద్ధకాలంలో ప్రభుత్వ సాయం ఆగిపోయినా కేంద్రం మూతపడలేదు, ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే భవనంలో ప్రదర్శనలు జరిగాయి.

అట్లాంటా విశ్వవిద్యాలయంలో మరో దారి దొరికింది. చిత్రకారుడు హేల్ వుడ్రఫ్ 1942లో నల్లజాతి కళాకారుల కోసం వార్షిక ప్రదర్శన మొదలుపెట్టారు. అది 1970 దాకా సాగింది. బహుమతి పొందిన బొమ్మల్లో చాలావాటిని విశ్వవిద్యాలయమే కొనేది. చిత్రకారుడికి డబ్బు చేతికందేది, బొమ్మ చెదిరిపోకుండా నిలిచేది. అలా పోగైన సేకరణ ఇప్పుడు క్లార్క్ అట్లాంటా విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది.