పెళ్ళి సంగతి ఒంటికి తెలియదు తల్లీ

అమ్మలూ, మీ అక్క పెళ్ళి ఇరవై రోజుల్లో ఉందని, ఈలోగా ఎనిమిది కిలోలు తగ్గాలని పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి పల్చటి సూపు మీద గడుపుతున్నావట. రోజుకి ఆరువందల కేలరీలు దాటనివ్వడం లేదన్నావు. నీ పట్టుదల చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అందుకే నాకు భయం. కాసేపు ఇలా కూర్చో.

నాలుగు రోజుల్లోనే రెండు కిలోలు తగ్గానని మురిసిపోయావు కదా, అందులో కొవ్వు కొంచెమే. మన కాలేయంలో 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామూ మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే. దాంతోపాటు ఆ నీళ్ళూ పోతాయి. నీ రెండు కిలోల్లో చాలాభాగం అక్కడే తేలిపోయింది. ఇక కొవ్వు సంగతి చూడు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. నీ ఈడు పిల్లకి రోజంతా కలిపి ఖర్చయ్యేది 1,900 అనుకుందాం. పచ్చి మంచినీళ్ళు తాగి ఉపవాసం ఉన్నా నాలుగు రోజులకి ఒక కిలో, ఇరవై రోజులకి ఐదు. మరి నువ్వు కోరుకునే ఎనిమిదిలో మిగతా మూడు ఎక్కడి నుంచి రావాలి? నీళ్ళలోంచి, కండలోంచి.

ఆ కండ పోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మెదడుకి రోజూ వంద గ్రాములకు పైగా గ్లూకోజు కావాలి. కొవ్వు ఆమ్లాల నుంచి మన ఒళ్ళు గ్లూకోజు తయారుచేసుకోలేదు. అందుకని కండలోని ప్రోటీనును విడగొట్టి ఆ అవసరం తీరుస్తుంది. కొన్నాళ్ళకు కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు మెదడుకి అక్కరకొస్తాయి కాబట్టి కండ కరగడం నెమ్మదిస్తుంది, ఆగిపోదు. కట్టెలు లేవని ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకోవడమే ఇది. గుండె కూడా కండే కదమ్మా. 1976-77 ప్రాంతంలో అమెరికాలో ఒక ద్రవ ప్రోటీను తప్ప మరేమీ ముట్టని డైటింగు బాగా పాకింది. జంతువుల తోళ్ళ నుంచి తీసిన నాసిరకం ప్రోటీను అది. పదుల మంది, ఎక్కువగా ఆడవాళ్ళు, గుండె లయ తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ధాత కరువు పేరు విన్నావా? 1876 నుంచి 78 దాకా కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. కరువు పనులకొచ్చిన కూలీలకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర కోత పెట్టాడు. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. పౌను అంటే 450 గ్రాములు. అన్ని బియ్యానికి దాదాపు 1,550 కేలరీలు వస్తాయి. వాళ్ళు మట్టి మోశారు, నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటావు, నిజమే. అయినా నువ్వు తింటున్నది అందులో సగం కూడా లేదు తల్లీ.

అర్ధాకలి మనిషిని ఏం చేస్తుందో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దగ్గరుండి కొలిచాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది కుర్రాళ్ళు తమంతట తామే వచ్చారు. ఆరు నెలలపాటు రోజుకి సుమారు 1,600 కేలరీలు: బంగాళదుంపలు, టర్నిప్‌లు, రొట్టె, మాకరోని. బరువులో నాలుగోవంతు పోయింది. ఊరికే పడుకున్నా ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి 40 శాతం దాకా పడిపోయింది. ఎండాకాలంలోనూ చలికి వణికారు. జుట్టు రాలింది. నవ్వులాటలు పోయి, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మళ్ళీ కడుపునిండా పెట్టినా చాలామందికి ఆకలి తీరలేదు. కండ పూర్తిగా కోలుకోకముందే కొవ్వు మునుపటి కంటే ఎక్కువ చేరింది. నిన్న రాత్రి నువ్వు ఫోనులో బిర్యానీ వీడియోలు చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. అది నీలో మనోబలం లేక కాదు. పెళ్ళి ఉందని ఒంటికి తెలియదు, కరువొచ్చిందనుకుంటుంది.

కరువనుకుని ఒళ్ళు చేసే ఆ పొదుపు ఎంతకాలం ఉంటుందో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2016లో చూపించింది. టీవీ పోటీలో ముప్ఫై వారాల్లో సగటున యాభై కిలోలకు పైగా తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, 13 మంది మళ్ళీ బరువు పెరిగి ఉన్నారు. వాళ్ళ ఒంటికి ఉండాల్సిన ఖర్చు కంటే రోజుకి 500 కేలరీలు తక్కువే ఖర్చవుతున్నాయి.

ఇంకో మాట. వారానికి కిలోన్నర దాటి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు పడే ప్రమాదం పెరుగుతుంది. కొవ్వు వేగంగా కరిగినప్పుడు పైత్యరసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా చేరుతుంది. తిండిలో నూనె చుక్క లేకపోతే పిత్తాశయం ముడుచుకోదు, రసం అక్కడే నిలవుండి రాయి కడుతుంది. జుట్టు కూడా వెంటనే ఊడదు, రెండు మూడు నెలలకి కుచ్చులుగా వస్తుంది. పెళ్ళి ఫోటోలు అందేసరికి అన్నమాట.

చాలా తక్కువ కేలరీలతో డాక్టర్లే చేయించే వైద్యం ఒకటుంది. షుగరున్న వాళ్ళలో కొందరికి దాంతో మేలు జరిగింది కూడా. కాకపోతే వాళ్ళకిచ్చే పొడిలో ప్రోటీను, విటమిన్లు, లవణాలు లెక్కప్రకారం ఉంటాయి, రక్తపరీక్షలు చేస్తూంటారు. నిమ్మరసంలో అవేవీ లేవు. ఈ పూట నుంచి పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరతో భోంచెయ్యి. అన్నం ఒక గరిటె తగ్గించుకో చాలు. సాయంత్రం నడువు. వారానికి అరకిలో తగ్గినా అది చాలావరకు కొవ్వే అవుతుంది.

అన్నట్టు, నీతోపాటు మీ అమ్మ కూడా సూపు మొదలెట్టిందట. తను షుగరు మాత్రలు వేసుకుంటోంది. వాటిలో కొన్ని తిండి తగ్గితే రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా దించేస్తాయి, కళ్ళు తిరిగి పడిపోతారు. బీపీ మాత్ర కూడా ఉంది, దాని సంగతీ అడగాలి. వెంటనే డాక్టరుకి ఫోను కలిపి అమ్మ చేతికివ్వు.