డిసెంబరులో దాణా కొన్న డాక్టర్లు

1970ల ఆరంభంలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, అమరిల్లో చుట్టుపక్కల ఫీడ్‌లాట్లలో వేలాది పశువులు దాణా తినేవి. వాటిలో చాలావాటి యజమానులు ఆ దొడ్లలో అడుగైనా పెట్టలేదు. వాళ్లు నగరాల్లోని డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు. మాంసం మీద లాభం కన్నా ఆదాయపు పన్ను తగ్గడమే వాళ్లకు ముఖ్యం.

సుమారు 300 కిలోల దూడను నాలుగైదు నెలలు జొన్న, మొక్కజొన్న దాణాతో మేపి, 450 కిలోలు దాటాక కబేళాకు పంపే చోటే ఫీడ్‌లాట్. రైతులకు అమెరికా పన్ను చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. డబ్బు చేతికొచ్చినప్పుడే ఆదాయం, చెల్లించినప్పుడే ఖర్చు అని వాళ్లు లెక్క రాసుకోవచ్చు. పెద్ద పద్దులు రాయలేని చిన్న రైతుకు ఇది మేలు.

ఆ మేలును సంపన్నులు అందిపుచ్చుకున్నారు. అప్పట్లో గరిష్ఠ పన్ను 70 శాతం. డిసెంబరులో లక్ష డాలర్ల దాణాకు ముందే డబ్బు కట్టేస్తే, ఆ శ్లాబులో ఉన్నవారికి ఆ ఏడాది పన్ను 70 వేల డాలర్ల దాకా తగ్గేది. మరుసటి ఏడాది పశువులు అమ్ముడై ఆదాయం వచ్చేసరికి మరో మందకు దాణా కొనేవారు. పన్ను మాఫీ కాలేదు, వాయిదా పడుతూ పోయింది. ప్రభుత్వం వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టే.

ఈ డబ్బు తాకిడి సొంత మొక్కజొన్నతో పశువులను మేపుకునే అయోవా రాష్ట్ర రైతుకు తగిలింది. పశువుకు 100 డాలర్ల నష్టం వస్తే 70 శాతం శ్లాబులోని మదుపరి భరించేది 30 డాలర్లే. తక్కువ శ్లాబులోని రైతు దాదాపు మొత్తం భరించాలి. అందుకే దూడల వేలంలో మదుపరి ఎక్కువ ధర పాడగలిగాడు. దూడలు అమ్మే రాంచ్‌దారుకు, దాణా అమ్మి రోజుకింత అని మేపుడు రుసుము తీసుకునే ఫీడ్‌లాట్‌కు అది లాభమే. పోటీ పడలేక నలిగింది స్వయంగా మేపే రైతు.

తర్వాత దెబ్బ మీద దెబ్బ పడింది. 1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొనడంతో దాణా ధరలు ఎగిశాయి. 1973 మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ మాంసం ధరలకు పరిమితి విధించారు, ఏప్రిల్‌లో వినియోగదారులు మాంసం కొనడం మానేసి నిరసన తెలిపారు. పరిమితి ఎత్తేస్తే మంచి ధర వస్తుందని పశువులను ఆపి ఉంచినవాళ్లు సెప్టెంబరులో ఒక్కసారిగా అమ్మకానికి దిగేసరికి ధర కూలింది. తలకు వంద డాలర్లకు పైగా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పన్ను కోసం వచ్చిన మదుపు వచ్చినంత వేగంగా వెనక్కి పోయింది, దొడ్లు ఖాళీ అయ్యాయి.

చట్టం 1976లో మేలుకుంది. సొంత డబ్బు ఎంత ప్రమాదంలో ఉందో అంతవరకే నష్టం చూపాలని, మదుపరుల బృందాలైతే పశువులు దాణా తిన్నాకే ఖర్చు రాయాలని నిబంధన పెట్టింది. 1986 సంస్కరణ స్వయంగా పాల్గొనని వ్యాపారాల నష్టాలను జీతం వంటి ఆదాయంలోంచి తీసేయనివ్వలేదు, గరిష్ఠ పన్నును 50 నుంచి 28 శాతానికి దించింది. స్వయంగా సాగు చేసే రైతులు మాత్రం నేటికీ డిసెంబరులో దాణాకు ముందే చెల్లించి ఖర్చుగా చూపవచ్చు. సాధారణంగా అది ఇతర సాగు ఖర్చుల్లో సగం మించకూడదు.