గోదారి ఒడ్డున వారం రోజులు: పిల్లలను ఎవరు చూస్తున్నారు?

పరీక్షలు అయిపోయాయి. పిల్లలు ఇంట్లో నిలవడం లేదు. "ప్రతి ఏడూ అమ్మమ్మగారి ఊరేనా?" అని సణుగుతున్నారు. ఈసారి నాలుగు కుటుంబాలు కలిసి పాపికొండల వైపు వెళ్ళి, గోదావరి ఒడ్డున గుడారాలు వేసుకుని వారం గడపాలని, లాంచీలో తిరగాలని అనుకున్నారు. చాలా మంచి ఆలోచన! డాక్టరును కాబట్టి వద్దంటానని భయపడకండి. గాలి మారితే ఒంటికీ మంచిదే, మనసుకూ మంచిదే.

అయితే ఒక్క మాట. ఆవకాయ జాడీ నుంచి పేకముక్కల దాకా అన్నీ సర్దుకుంటారు. నీటి దగ్గర పిల్లలను కనిపెట్టి ఉండేది ఎవరో మాత్రం అనుకోరు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

పదిమంది ఉన్నారన్న ధీమా

ఒక్క కుటుంబమే వెళితే తల్లో తండ్రో పిల్లల మీద కన్ను వేసి ఉంచుతారు. నలుగురు కలిసినప్పుడే చిక్కు వస్తుంది. "మగవాళ్ళు ఒడ్డునే ఉన్నారుగా" అనుకుంటుంది తల్లి. "పిల్లలు వదినగారి దగ్గర ఉన్నారు" అనుకుంటాడు తండ్రి. వదినగారేమో పొయ్యి దగ్గర ఉంటారు!

మునిగిపోయేవారు చేతులెత్తి కేకలు వేయడం సినిమాల్లో చూసే ఉంటారు. నిజానికి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి లేనివారికి కేక ఎక్కడి నుంచి వస్తుంది? తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి వస్తుంది, చప్పుడు లేకుండా జారిపోతారు. చూసేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. చిన్నపిల్లలు మునగడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

నేను జిల్లా ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో ఒక వేసవి సాయంత్రం ఏడేళ్ళ బాబును తీసుకువచ్చారు. ఆ ఒడ్డున తొమ్మిదిమంది పెద్దవాళ్ళున్నారు. "ఇందాకే కనబడ్డాడండీ" అన్న మాటే అందరి నోటా! పైకి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పారట, పొట్ట నొక్కారట. తర్వాత జీపులో గంట ప్రయాణం. నోట్లోకి ఊపిరి మాత్రం ఎవరూ ఊదలేదు. మా దగ్గరకు చేరేసరికి మేం చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

కనుక గంటకొకరు చొప్పున కాపలా వంతులు వేసుకోండి. వంతు ఉన్నవారు మెడలో ఎర్ర తువ్వాలు వేసుకోవాలి. దాన్ని ఇంకొకరి మెడలో వేసిన తర్వాతే అక్కడి నుంచి లేవాలి. ఆ గంటసేపు ఫోనూ లేదు, పేకాటా లేదు. మందు పుచ్చుకున్నవారికి వంతు ఇవ్వకండి, వారిని నీళ్ళలోకీ దిగనివ్వకండి. ఐదేళ్ళలోపు పిల్లలు మీరు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. ఇసుక తిన్నె పక్కన మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో నిలువు లోతు కావచ్చు. ఎక్కడ దిగవచ్చునో అక్కడి జాలరులను అడగండి.

లాంచీ ఎక్కేటప్పుడు

2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో, కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్ళిన లాంచీ మునిగిపోయింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. అంత పెద్ద లాంచీకే దిక్కు లేకపోయింది. చిన్న పడవల సంగతి వేరే చెప్పాలా?

నది పోటు మీద ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకోండి. లాంచీలో పట్టేవారికన్నా ఎక్కువమందిని ఎక్కిస్తుంటే మొహమాటపడకుండా దిగిపోండి. ఫొటోల కోసం అందరూ ఒకే వైపుకు పరుగెత్తకండి. లైఫ్ జాకెట్ తొడుక్కుని, అన్ని పట్టీలూ బిగించుకోవాలి. ఉక్కపోస్తోందని విప్పి తలకింద పెట్టుకుంటే అది దిండే అవుతుంది కాని ప్రాణం కాపాడదు! పిల్లలకు పిల్లల కొలతదే కావాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా జారి వస్తే అది పనికిరాదు. గాలి ట్యూబులు ఆటవస్తువులే సుమా!

నీళ్ళలోంచి తీశాక

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. మునిగేవారు రక్షించ వచ్చినవారిని కూడా లోపలికి లాగేస్తారు. వెదురు గడ అందించండి. తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి.

బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే ఇలా చేయండి:

వెల్లకిలా పడుకోబెట్టండి. నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి, ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదండి. చలనం లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా నొక్కండి. పెద్దవారికి రెండంగుళాల లోతు, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి 30 నొక్కులకు రెండు ఊపిరులు. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోను చేయాలి. సహాయం వచ్చేదాకా ఆపకండి. తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం పనికిరావు. కోలుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రిలో చూపించవలసిందే. కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

ఎండ, నీరు, నిద్ర

మే నెలలో ఆ ప్రాంతంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ పట్టున ఉండండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి, ఆస్పత్రికి తరలించండి. తెలివి లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. తాగే నీరు తెర్లకాచినదే కావాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి తాగించండి. పొట్లం లేకపోతే ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు లీటరు నీటిలో కలపండి. చెంచాలు చిన్నవి, తలకొట్టి కొలవాలి.

గుడారంలో వట్టి నేలమీద పడుకోకండి. మంచమో, దోమతెర అంచులు పరుపు కిందికి దోపిన పక్కో ఉండాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కాలో చేయో కదలకుండా బద్ద కట్టి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అది ఎక్కడుందో బయలుదేరేముందే కనుక్కోండి. కొండల మధ్య ఫోను అందకపోవచ్చు.

తిరిగి వచ్చాక

నెలలోపల ఎవరికి చలిజ్వరం వచ్చినా మామూలు జ్వరమని బిళ్ళలు మింగకండి. ఏజెన్సీ ప్రాంతానికి వెళ్ళి వచ్చామని డాక్టరుకు చెప్పి, మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోండి.

ఇక నిశ్చింతగా వెళ్ళి రండి. సామాన్ల జాబితా రాసేటప్పుడు మాత్రం ఎర్ర తువ్వాలును అన్నిటికన్నా పైన రాసుకోండి.