ముందు లెన్సు, తరువాతనే కెమెరా

ధనవంతుడు కెమెరా కొనుటలో పొరపడినచో మరొకటి కొనుక్కొనును. చేతిలో కొద్దిపాటి సొమ్ముతో బయలుదేరినవాడు పొరపడినచో ఆ పొరపాటుతోనే అయిదారేండ్లు కాపురము చేయవలసి వచ్చును. కనుక లెన్సులు మార్చుకొనుటకు వీలైన కెమెరాను తొలిసారి కొనబోవు పేద యువకునకు ఆ బేరము చిన్న విషయము గాదు.

ఈ సమస్య ఎట్టిదో తెలియవలెనన్న హైదరాబాదులో హిమాయత్‌నగరునుండి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి చేరి, అశోక్‌నగరు సందులలో ఒకసారి తిరిగిన చాలును. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు ఇక్కడి అద్దెగదులలో నుండి ఉద్యోగపరీక్షలకు చదువుచుందురు. నగర కేంద్ర గ్రంథాలయము వారికి రెండవ ఇల్లు. పరీక్షల ప్రకటనలు ఆలస్యమైనకొలది, ఇంటినుండి వచ్చు డబ్బునకు తోడు మరొక రాబడి వెదకుకొనువారు వారిలో ఉందురు. పెండ్లిండ్లకు, సభలకు ఫోటోలు తీయుట అట్టి రాబడులలో నొకటి. తీయుటకు విషయములకు కొదువ లేదు. త్యాగరాయ గానసభలో సాయంకాలము సంగీతమో, నృత్యమో, పుస్తకావిష్కరణమో జరుగుచుండును. ఇందిరా పార్కు చెంత ధర్నా చౌకు, ఆర్టీసీ చౌరస్తాలో సినిమాహాళ్ల సందడి కాలినడక దూరములోనే ఉన్నవి. కావలసినది కెమెరా ఒక్కటే.

దుకాణములో కొనుగోలుదారు సాధారణముగా మొదట అడుగునది మెగాపిక్సెళ్ల లెక్క. తక్కువ సొమ్ము గలవాడు కడపట అడుగవలసినది అదియే. 12 మెగాపిక్సెళ్ల చిత్రమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేసినను సుమారు 13 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు గల ప్రతి వచ్చును. పెండ్లి ఆల్బములో ఒక్కొక్క పుటమీద పలు చిత్రములను చేర్చుట వాడుక గనుక పదేండ్ల నాటి కెమెరా సైతము ఆ పనికి చాలును. చాలనిది వేరొకటి గలదు. అది వెలుతురు.

కెమెరాతో పాటు చవుకగా వచ్చు 18-55 జూము లెన్సును 55 వద్ద నిలిపినచో దాని రంధ్రము ఎఫ్/5.6 కంటె ఎక్కువగా తెరచుకొనదు. 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు ఎఫ్/1.8 వరకు తెరచుకొనును. ఎఫ్ సంఖ్య తగ్గినకొలది రంధ్రము పెద్దదగును. ఈ రెండింటి నడుమ వెలుతురులో భేదము దాదాపు పది రెట్లు. గానసభ వేదికపై కూచిపూడి నర్తకి అభినయించుచుండగా మొదటి లెన్సుతో సెకనులో 15వ వంతు కాలము తలుపు తెరచి ఉంచవలసివచ్చినచో, ఆ వ్యవధిలో చేయి కదలిపోయి ముద్ర చెరిగిన మరకవలె పడును. రెండవ లెన్సుతో అదే వెలుతురున 150వ వంతు చాలును. వ్రేళ్లు విడివిడిగా కనిపించును. ఈ భేదమును కెమెరా బాడీకి ఎంత ఎక్కువ ధర పెట్టి కొనవలెనన్నను కష్టము. లెన్సులో అది చవుకగా దొరకును. జూము లేని ఈ చిన్న లెన్సు దాదాపు ప్రతి కంపెనీ వద్దను తక్కువ ధర లెన్సులలో నొకటి.

అయితే దీనికొక లోపము గలదు. ప్రారంభస్థాయి కెమెరాలలో వెలుతురును పట్టు పలక చిన్నది. దానివలన 50 మిల్లీమీటర్ల లెన్సు 75 లేక 80 మిల్లీమీటర్ల దానివలె చూచును. వేదికపై ఒక్క మనిషి ముఖమునకు, పెండ్లిలో వధువు చిత్రమునకు అది చక్కగా అమరును. ఇరుకైన చిక్కడపల్లి ఇంటిలో పదిమంది కుటుంబమును ఒక్క చిత్రములో ఇమిడ్చుట దానివలన గాదు. ధర్నా చౌకు ఎండలో గుంపును తీయుటకు జూము లెన్సే మేలు. కనుక ఏమి తీయదలచినది ముందుగా తేల్చుకొని, దానికి తగిన లెన్సును నిర్ణయించి, ఆ లెన్సునకు సరిపడు బాడీని తుదకు ఎన్నుకొనవలెను. చాలమంది ఈ వరుసను తలక్రిందుగా నడుపుదురు.

లెన్సు మార్చు విద్య క్రొత్తది గాదు. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై 1894లో ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలమున వాడుకలో ఉన్న గాజుపలకల కెమెరాలలో లెన్సు ఒక చెక్కపలకకు బిగింపబడియుండెడిది. పలకను ఊడదీసి మరొక లెన్సు పలకను అమర్చుకొనెడివారు. చేతిలో ఇమిడెడి చిన్న కెమెరాకు ఈ సౌకర్యము జర్మనీలో 1930లో లైకాతో వచ్చినది. తరువాతి కంపెనీలు తమతమ బిగింపులను కల్పించుకొన్నవి. లెన్సును కెమెరాకు తగిలించు ఆ లోహపుటుంగరమునకే మౌంటు అని పేరు. నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959లోను, కానన్ వారి ఈఎఫ్ మౌంటు 1987లోను వెలువడినవి. ఒకరి లెన్సు మరొకరి కెమెరాకు నేరుగా తగలదు. అందుచేత తొలి కెమెరా కొనుట ఒక ఇంటితో వియ్యమందుట వంటిది. అటుపై కొను ప్రతి లెన్సు ఆ ఇంటిదే కావలెను.

ఒకే ఇంటిలోను చిక్కులు గలవు. నికాన్ డి-3000, డి-5000 వరుసల కెమెరాలలో లెన్సును త్రిప్పి గురి కుదుర్చు మోటారు లేదు. పాత ఎఎఫ్-డి లెన్సు చవుకగా దొరికినదని కొన్నచో అది తగులును గాని, ప్రతిసారి చేతితోనే గురి కుదుర్చుకొనవలెను. మోటారు లోపలనే గల ఎఎఫ్-ఎస్ లెన్సు కొన్న ఈ బాధ లేదు. కానన్ ఈఎఫ్ లెన్సులలో ఆటోఫోకస్ గల వాటికి మోటారు మొదటినుండియు లెన్సులోనే ఉన్నది.

2018లో కానన్, నికాన్ కంపెనీలు రెండును అద్దము లేని కెమెరాలకై ఆర్‌ఎఫ్, జెడ్ అను క్రొత్త మౌంటులను ప్రవేశపెట్టినవి. అటుపిమ్మట వాటి శ్రద్ధ అటువైపు మరలినది. అద్దము గల పాత కెమెరాలను వదలి సంపన్నులు క్రొత్తవాటికి మారుచున్నందున పాతవి బజారులో చవుకైనవి. పేదవానికి ఇది కలిసివచ్చిన కాలము. పాత ఈఎఫ్ లెన్సును నడిమి ఉంగరముతో క్రొత్త కెమెరాకు తగిలించుకొనవచ్చును. ఈఎఫ్ కెమెరాలో మౌంటునుండి పలకకు 44 మిల్లీమీటర్ల దూరము గలదు. ఆర్‌ఎఫ్ కెమెరాలో 20 మాత్రమే. మిగిలిన 24 మిల్లీమీటర్లలో ఆ ఉంగరము ఇముడును. క్రొత్త లెన్సును పాత కెమెరాకు తగిలించుట ఇట్లు పొసగదు. కావున నేడు కొన్న పాత లెన్సు రేపు కెమెరా మారినను అక్కరకు వచ్చును.

వాడిన సరుకు కొనునపుడు మొగమాటము పనికిరాదు. లెన్సును టార్చిలైటుకు ఎదురుగా పట్టి చూడవలెను. సాలెగూడువంటి తెల్లని పోగులు కనిపించిన అది బూజు, దానిని వదలివేయవలెను. ఎఫ్/16 వద్ద తెల్లగోడను ఫోటో తీసినచో పలకపై నున్న దుమ్ము నల్లని చుక్కలుగా బయటపడును. షట్టరు ఎన్నిమారులు కొట్టినదో అడుగవలెను. పై నికాన్ వరుసల షట్టర్లను కంపెనీవారు 1,00,000 మారుల వరకు పరీక్షించి చూచిరి. ఆ సంఖ్యను సమీపించిన కెమెరాకు ధర బాగుగా తగ్గవలెను. బిల్లుమీది నంబరు, కెమెరా అడుగున నున్న నంబరు ఒక్కటేనేమో చూచుకొనక సొమ్ము ఈయరాదు. కొన్న తరువాత వానకాలములో సిలికా జెల్ పొట్లములు వేసిన మూతడబ్బాలో లెన్సును దాచినచో బూజు భయము తగ్గును.

సొమ్మంతయు బాడీకి, లెన్సునకే వెచ్చించి, రెండవ బ్యాటరీకి, రెండవ కార్డుకు వెనుకాడుట ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లుండును. పెండ్లి ముహూర్తము ఏ అర్ధరాత్రియో, తెల్లవారుజామునో పడును. జీలకర్ర బెల్లము పెట్టు సమయమున బ్యాటరీ ఆగిపోయినదని పురోహితుడు మంత్రమును మరల మొదలుపెట్టడు. మాంగల్యధారణము ఫోటోకొరకు రెండవమారు నిజముగా జరుగదు. పోయినది ఒక చిత్రమే యైనను, అటుపై ఆ యువకుని పిలుచువారుండరు. సంచులు, ఫిల్టర్లు, బరువైన స్టాండులు మాత్రము తరువాత కొనవచ్చును. గోచిని కాపాడుటకు పిల్లిని, పిల్లికి పాలకై ఆవును తెచ్చుకొన్న సన్యాసి కథ ఈ బజారులో నిత్యము జరుగుచున్నది.

ఇంకను సందేహమున్నచో, కొనుటకు ముందు ఒక దినము ఆ కెమెరాను, లెన్సును అద్దెకు తెచ్చి గానసభలో ఒక సాయంకాలము, ధర్నా చౌకులో ఒక ఉదయము పనిచేసి చూచుట మంచిది. ఆ అద్దె చాలనాటి పశ్చాత్తాపముకంటె తక్కువ. ‘ఏ కెమెరా మంచిది?’ అని దుకాణదారును అడిగినచో అతడు తనవద్ద నున్నదానినే చూపును. ఎక్కడ, ఏ వెలుతురులో, ఎంత దూరమునుండి ఎవరిని తీయవలెనో తెలిసి వచ్చినవానికి అతడు అడిగినదే చూపవలసి వచ్చును.