కేకు మీది పంచదార పూత

ఒక గిన్నెలో 120 గ్రాముల మెత్తని పంచదార పొడి వేసి, దానిపై నాలుగు చిన్న చెంచాల నీరు, అనగా 20 మిల్లీలీటర్లు, పోయుడు. ఇంత పొడికి ఈ నీరు ఏ మూలకు చాలునని మొదట తోచును. విడువక కలిపినచో రెండు నిమిషములలో పొడి యంతయు తడిసి, తెల్లగా, చిక్కగా, దోసెల పిండివలె తయారగును. దీనిని చల్లారిన కేకుపై పోసినచో మెల్లమెల్లగా అంచులదాక పాకి, అక్కడక్కడ క్రిందికి జారి నిలిచి, గంటసేపటికి గట్టిపడును. పండుగలకు, పుట్టినరోజులకు ఇంటిలోనే కేకు చేసికొనువారు వేయు పంచదార పూత ఇదియే. తెలంగాణమువారికి చక్కెర పూత.

ఇప్పుడు ఆ గిన్నెలోనే మరియొక చెంచా నీరు, 5 మిల్లీలీటర్లు మాత్రమే, కలిపి చూడుడు. దోసెపిండివలె నున్నది కాస్తా చిక్కని మజ్జిగవలె జారిపోవును. కేకుపై పోసినచో పైన నిలువక పళ్ళెములోనికి దిగిపోవును. నీరు పెరిగినది నాలుగవ వంతే. గుణము మాత్రము పూర్తిగ మారిపోయినది. ఒక చెంచా నీటికి ఇంత శక్తి ఎట్లు వచ్చినది?

గిన్నెలో నున్నది పంచదార ద్రావణమని సాధారణముగ అనుకొందుము. అది పొరపాటు. మన ఇండ్లలోని సాధారణ ఉష్ణోగ్రతలో ఒక గ్రాము నీరు సుమారు 2 గ్రాముల పంచదారను కరిగించుకొనగలదు. అంతకు మించి కరగదు. అప్పటికది సంతృప్త ద్రావణము. 20 గ్రాముల నీరు 40 గ్రాముల పంచదారను కరిగించుకొనును. మిగిలిన 80 గ్రాములు ఏమైనవి? ఎక్కడికిని పోలేదు. కంటికి కనబడని సన్నని స్ఫటికములుగ ఆ పాకములో తేలుచున్నవి. కాబట్టి మన పూత ద్రావణము కాదు, పాకములో పంచదార రేణువులు క్రిక్కిరిసియున్న ముద్ద.

లెక్క ఇంకొక అడుగు ముందుకు తీసికొని పోవుదము. 20 గ్రాముల నీరు, 40 గ్రాముల పంచదార కలిసిన 60 గ్రాముల పాకము సాంద్రత 1.33, కనుక దాని ఘనపరిమాణము 45 మిల్లీలీటర్లు. కరగని 80 గ్రాముల స్ఫటికముల సాంద్రత 1.59, అవి ఆక్రమించు చోటు 50 మిల్లీలీటర్లు. అనగా గిన్నెలో సగమునకు పైగా ఘనపదార్థమే! తిరునాళ్ళలో ఇసుక వేసిన రాలనంత జనమున్నప్పుడు ఎవరును కదలలేరు గదా; ఈ రేణువుల స్థితియు ఇంచుమించు అట్టిదే. ఒకదానినొకటి ఒరసికొనుచు కష్టముమీద జరుగును. అందుచేతనే పూత చిక్కగా నుండును.

ఐదవ చెంచా నీరు పోసినప్పుడు రెండు పనులు ఒక్కసారి జరుగును. ద్రవము పెరుగును, ఆ నీరు మరి 10 గ్రాముల రేణువులను కరిగించి తనలో కలుపుకొనుటచే ఘనము తగ్గును. ఇప్పుడు పాకము 56 మిల్లీలీటర్లు, స్ఫటికములు 44 మిల్లీలీటర్లు. పాళ్ళు తలక్రిందులైనవి. తిరునాళ్ళ గుంపులోనుండి కొందరు వెళ్ళిపోవుటయే గాక వీధి కూడ వెడల్పయినట్లు. మిగిలినవారు హాయిగా నడచిపోగలరు.

ఆఖరి చెంచా నీటిని చెంచాతో గాక చుక్కలుగ వేయవలెనని వంట తెలిసినవారు చెప్పుటలోని రహస్యమిది. పొరపాటున పలుచనైనచో భయపడనక్కరలేదు. మొదటి పాళ్ళు ఆరింటికి ఒకటి. కాబట్టి ఎక్కువైన ప్రతి 5 గ్రాముల నీటికి 30 గ్రాముల పొడి చేర్చిన సరిపోవును. అయితే పొడి అంత దగ్గరలేనివారు మొదటనే జాగ్రత్తపడుట మేలు.

పూతకు తెలుపు ఎక్కడనుండి వచ్చినది? పంచదార పలుకునొకదానిని వెలుతురులో పట్టి చూచినచో గాజువలె పారదర్శకముగ నుండును. పాకమును అంతే. కాని కోటానుకోట్ల రేణువులు పాకములో నున్నప్పుడు కాంతి ప్రతి రేణువు అంచుననూ వంగి, చెదరి, నలుదిక్కులకు మరలును. అన్ని రంగులును సమానముగ చెదరుటచే మనకది తెల్లగ కనబడును. ఉప్పు రాశి, నీటి నురుగు తెల్లగా నుండుటకు కారణమును ఇదియే. పూతలోని పంచదార అంతయు కరిగిపోయినచో తెలుపు పోయి, తడి మెరుపు మాత్రమే మిగులును.

మెత్తని పొడియే ఏల, పంచదార పలుకులే వేయరాదా యని అడుగవచ్చును. వేసి చూచిన తెలియును: పంటి క్రింద ఇసుక. అర మిల్లీమీటరు భుజముగల ఘనాకారపు పలుకును మిల్లీమీటరులో 50వ వంతు భుజముగల ముక్కలుగ విరిచితిమనుకొనుడు. ఒక్కొక్క భుజమునకు 25 చొప్పున మొత్తము 15,625 ముక్కలగును. వాని ఉపరితలము 25 రెట్లు పెరుగును. అంత సన్నని ముక్కలను నాలుక గుర్తింపజాలదు. పైగా పెరిగిన ఉపరితలమంతయు తడియవలెను గనుక అదే నీటికి పూత మరింత చిక్కనగును. ఇంటిలో మిక్సీ పట్టిన పొడిని వస్త్రగాళితము చేసి వాడినచో ఉండలు కట్టదు. అంగళ్ళలో అమ్ము ఐసింగు షుగరులో సాధారణముగ కొద్దిగ మొక్కజొన్న పిండి కలిసియుండును. అది చెమ్మను పీల్చుకొని రేణువులు ఒకదానికొకటి అంటుకొనకుండ కాపాడును. ఇంటి పొడిలోను చిటికెడు కలుపుకొనవచ్చును.

నీటికి బదులు పాలు పోయుట కలదు. పాలలో నూటికి 87 పాళ్ళు నీరే. మిగిలిన కొవ్వు, మాంసకృత్తులు పూతకు మెత్తదనమునిచ్చి మెరుపును కొంత తగ్గించును. నిమ్మరసము పోసినచో తీపికి పులుపు తోడగును. 

పూత ఎప్పుడు పోయవలెనన్నది మరియొక ముఖ్యవిషయము. వేడి పెరిగినకొలది పంచదార ఎక్కువగ కరుగును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గ్రాము నీటికి 2 గ్రాములైనచో, 80 డిగ్రీల వద్ద దాదాపు 3.6 గ్రాములు. ఓవెనునుండి గాని, కుక్కరునుండి గాని అప్పుడే తీసిన కేకుపై పూత పోసినచో, స్ఫటికములు చాలవరకు కరిగి, పాకము పలుచనై, కేకులోని రంధ్రములలోనికి ఇంకిపోవును. తెల్లని పూత కావలెనన్న కేకు అడుగున చేయిపెట్టినచో వెచ్చదనము తెలియనంతవరకు ఆగవలెను. బన్నుల విషయము వేరు. వానికి కావలసినది తెలుపు కాదు, మెరుపు. కనుక వేడిమీదనే పలుచని పాకమును కుంచెతో పూయుదురు.

పోసిన పూత గట్టిపడునప్పుడు జరుగునది రసాయన చర్య కాదు. గోడకు వేసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి వేరొక పదార్థముగ మారి గట్టిపడును. పంచదార మాత్రము పంచదారగనే యుండును. నీరు కొంత గాలిలోనికి ఆవిరియై, కొంత కేకులోనికి ఇంకి పోవును. పోవునప్పుడు తాను కరిగించుకొన్న 40 గ్రాములను ఒక్కొక్క పొరగ అక్కడనున్న రేణువులమీదనే దింపి పోవును. ఆ పొరలే రేణువుకు రేణువుకు నడుమ అతుకులు.

మన గవ్వలమీద తెల్లగా పేరుకొను పూత దీనికి దగ్గరి చుట్టమే. అయితే వచ్చిన దారి వేరు. కేకు పూతలో స్ఫటికములు మొదటినుండి యున్నవి. గవ్వల పాకములో ఒక్కటియు లేదు. పంచదారను నీటిలో కరిగించి కాచుచుండగా నీరు పోవును, గాఢత పెరుగును, గాఢతతో మరుగు ఉష్ణోగ్రతయు పెరుగును. 105 నుండి 110 డిగ్రీల నడుమ తీగ సాగును. 115 దరిదాపుల, నీటిలో వేసిన చుక్క మెత్తని ఉండ యగును. వేళ్ళ నడుమ తీగను చూచు మన అమ్మమ్మలు నిజమునకు ఆ పాకపు గాఢతను కొలుచుచున్నారు. దించి చల్లార్చినప్పుడు ఆ పాకము తాను భరింపదగినదానికన్న ఎక్కువ పంచదారను మోయుచుండును. అది అతిసంతృప్త ద్రావణము. గవ్వలు వేసి గరిటెతో గలగల త్రిప్పగానే వేలకొలది చోట్ల ఒక్కసారి స్ఫటికములు పుట్టి పూత తెల్లబడును. త్రిప్పుట మానినచో పుట్టిన కొద్ది స్ఫటికములే పెద్దవై గరుకుగ మిగులును. 

ఇచ్చట నిమ్మరసము చేయు పని వేరు. ఆమ్లముతో కలిపి కాచినప్పుడు సుక్రోజు అణువులు కొన్ని విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అగును. ఈ క్రొత్త అణువులు సుక్రోజు స్ఫటికపు వరుసలో ఇముడవు, అడ్డుపడును. అందుచే కాజాల పాకము గడ్డకట్టకుండ నిమ్మచుక్క వేయుదురు, గవ్వలకు వేయరు. చల్లని కేకు పూతలో వేసిన నిమ్మరసమునకు కొద్దిసేపటిలో ఈ మార్పు తెచ్చునంత శక్తి లేదు. అక్కడ అది కేవలము రుచికే.

గవ్వలనగానే ఒక సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. మా గోదావరి ప్రాంతమున ఒక శ్రావణమాసపు పెండ్లికి మా చిన్నమ్మ పంచదార గవ్వలు చేసి సారెలో పంపినది. సాయంకాలము గలగలలాడిన గవ్వలు, వాన ముసురులో గంపలలో ప్రయాణము చేసి, మరునాడు పంచునప్పటికి ఒకదానికొకటి అంటుకొని ముద్దయైనవి. "పాకము పట్టుట తెలియని ఇల్లు" అని వియ్యాలవారనిన మాట ఆమె చాలకాలము మరువలేదు. అదే వాయిలోని గవ్వలు మా యింట బిగుతు మూత డబ్బాలో పదిరోజులు పొడిగానే యున్నవని మాత్రము ఎవరును ఆలోచింపలేదు.

పాకము తప్పు కాదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి 85 దాటనంతవరకు పంచదార స్ఫటికములు పొడిగ నుండును. అది దాటినచో గాలిలోని నీటి ఆవిరిని తమపైకి లాగుకొని కరగనారంభించును. కోస్తా జిల్లాలలో వాన ముసురున్నప్పుడు, రాత్రులందు, ఆర్ద్రత 85 దాటుట సామాన్యమే. అట్టి గాలి తగిలిన గంపలోని పంచదార పూత, ఎంతటి చేయి తిరిగినవారు చేసినను, చెమర్చక మానదు. గ్లూకోజుకు ఈ హద్దు 74 దరిదాపుల, ఫ్రక్టోజుకు 62 దరిదాపుల నుండును. బెల్లములో ఇవి రెండును కొంత యుండుటచేతనే బెల్లపు వంటలు ఇంకను ముందుగ చెమర్చును.

దీనిని తరగతిలో చూపుట సులభము. వెడల్పు మూతిగల రెండు సీసాలు తీసికొనుడు. ఒకదాని అడుగున నీరు. రెండవదానిలో, అడుగున కొంత ఉప్పు కరగక మిగిలియుండునంత చిక్కని ఉప్పునీరు. బిగించిన సీసాలో ఉప్పునీటిపై గాలి ఆర్ద్రత 75 వద్ద నిలిచియుండును; వట్టి నీటిపై 100కు చేరును. పంచదార పూత పూసి ఆరబెట్టిన బిస్కట్లు రెండు, పూతలో చెంచా తేనె కలిపి పూసినవి రెండు సిద్ధపరచి, చిన్న గిన్నెలలో నీటికి తగులకుండ ఒక్కొక్క రకము ఒక్కొక్క సీసాలో నుంచి మూతలు బిగింపుడు. రెండు రోజులైన తరువాత చూడుడు. నీటి సీసాలో రెండును చెమర్చియుండును. ఉప్పునీటి సీసాలో వట్టి పంచదార పూత పొడిగ నుండును. తేనె కలిసినది వ్రేలికి అంటుకొనును. తేనెలో ఎక్కువ భాగము గ్లూకోజు, ఫ్రక్టోజులే గదా. ఈ బిస్కట్లను తినరాదని పిల్లలకు ముందే చెప్పవలెను; చెప్పకున్న సీసాలలో ఏమియు మిగులదు.

పూత పోయుట ముగిసిన తరువాత గిన్నెలో కొంత మిగులును. దానిని అట్లే వదలినచో పైన పొరకట్టును. పిండిన తడిగుడ్డను గిన్నె మూతికి కప్పినచో ఆ పొర కట్టదు. కట్టినను రెండు చుక్కల నీటితో కలుపగానే మరల మునుపటి స్థితికి వచ్చును.