వారపు వంతుల పట్టిక: అందఱు చూడవలసిన లెక్క

ఉమ్మడి సొత్తునకు వంతు ప్రాణము. చెఱువు నీరైనను, సంఘపు ట్రాక్టరైనను, సంతకు పోవు లారీయైనను పలువురి యవసరము ఒక్కమాఱే వచ్చును. వస్తువు మాత్ర మొక్కటియే యుండును. అట్టియెడ ఎవరి దినము ఏదియో ముందుగా నిర్ణయించి, అందఱికి కనబడునట్లు వ్రాసి పెట్టుటకంటె కలహమును మాన్పు నుపాయము వేఱొకటి లేదు. పెట్టెలో దాచిన పుస్తకమునందలి వంతు బలవంతుని వంతగును. గోడమీద వ్రాసిన వంతు బీదవానికిని దక్కును.

మన తెలంగాణపు పల్లెలలో చెఱువు తూము తెఱచి మళ్లకు నీరు పంచువానిని నీరటి యందురు. ఏ మడికి ఏ దినము నీరు పాఱవలెనో ఆతని జ్ఞాపకముననే యుండెడిది. ఆయకట్టు చిన్నది, రైతులు తెలిసినవారు, కనుక ఆ జ్ఞాపకము చాలినది. నేడు దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి కాలనీల నడుమ నున్న సరూర్‌నగరు చెఱువు సైతము ఒకప్పుడు పొలములకు నీరిచ్చినదే. కాని పెద్ద కాలువలు వచ్చి, ఒక్క తూము క్రింద ఎఱుగని వారు పలువురు చేరినపుడు జ్ఞాపకము చాలదు; పట్టిక కావలసి వచ్చును.

వారబంది నేర్పు పాఠము

ఇట్టి పట్టికకు మంచి మాదిరి వారబంది. పంజాబు, హర్యానా కాలువల క్రింద ఇది చిరకాలముగ నడచుచున్నది. వారమునకు 7 దినములు, అనగా 168 గంటలు. ఒక తూము క్రింద 84 ఎకరము లున్నవనుకొందము. అపుడు ఎకరమునకు 2 గంటల వంతు వచ్చును. 3 ఎకరముల రైతునకు 6 గంటలు. పిల్లకాలువ నిండుటకు పట్టు కాలమును లెక్కలో వేఱుగ చూతురు. వంతు ఏడుదినములకొకమాఱు తిరుగుటచేత ప్రతివారము అదే దినమున, అదే గంటకు వచ్చును; చదువురాని రైతునకు సైతము అది మఱపునకు రాదు. రాత్రి వంతు వచ్చినవాడు ఎల్లకాలము రాత్రియే మేల్కొనకుండ, ఏటేట వంతులను 12 గంటలు జరుపుదురు. అనగా ఈ యేడు రాత్రి తడి కట్టినవాడు వచ్చు నేడు పగలు కట్టును. పట్టిక స్థిరముగ నుండవలెను, కష్టము మాత్రము ఒకరిమీదనే నిలువరాదు. వారబందిలోని ధర్మ మిదియే. మన శ్రీరాంసాగరు కాలువల క్రిందను యాసంగిలో కొన్నిదినములు నీరు విడుచుట, కొన్నిదినములు నిలుపుట వారబంది పేరనే జరుగుచున్నది.

సంతకు పోవు లారీ

ఈ సూత్రమునే సంఘపు పనులకు అన్వయింపవచ్చును. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశములో రైతు బజారులు ప్రారంభమయ్యెను. అక్కడ కూరగాయల ధరలు బల్లపై వ్రాసి యుంచుదురు. కనుక కొనువాడును, అమ్మువాడును ఒకే యంకెను చూతురు. చైతన్యపురికి చేరువనున్న సరూర్‌నగరు రైతు బజారునకు పోవుటకు, ఇబ్రహీంపట్నము దిక్కున ఒక సంఘము మినీలారీ పెట్టుకొన్నదనుకొందము. లారీ మంగళ, గురు, శనివారములు తెల్లవాఱుజామున 3 గంటలకు కదలును. నూఱు పెట్టెలు పట్టును. ఏడాది పొడుగున కూరగాయలు పండించు సభ్యులకు 60 పెట్టెల చోటు స్థిరముగ నియమించి, తక్కిన 40 పెట్టెల చోటును ఆ వారమున ముందుగా కోరినవారి కీయవచ్చును.

ఇందు రెండు లెక్కలు కలవు. మొదటిది మాఱనిది: ఏ వారము, ఏ గంట, ఎవరి స్థిరమైన చోటు. రెండవది వారవారము మాఱునది: మిగిలిన చోటు ఎవరు తీసికొనిరి, ఎంత ఖాళీగ నున్నది. ఈ రెంటిని ఒక్కటిగ కలిపి వ్రాసినచో ప్రతివారము పట్టిక యంతయు తిరుగ వ్రాయవలసివచ్చును; వ్రాయునపుడు ఒకరి పేరు జాఱిపోవును. అందుచేత స్థిరమైన వంతులను రంగుతో గోడపై వ్రాసి, ఆ వారపు కోరికలను సుద్దతో వ్రాయుట మేలు. గురువారము దసరా వచ్చినచో ఆ యొక్క తేదీని మాత్రమే కొట్టివేయవలెను. గురువారపు నియమమును చెఱుపరాదు.

వెబ్‌పేజిలో అదే పద్ధతి

గణకయంత్రములు పాటించు పద్ధతియు ఇదియే. క్యాలెండరు వ్రాతకు 1998లో ఒక ప్రమాణ మేర్పడెను. 2009లో దానిని సవరించిరి. దాని ప్రకారము "ప్రతి గురువారము 3 గంటలకు" అని నియమము ఒక్కమాఱే వ్రాయబడును. రాబోవు గురువారము లన్నియు దానినుండి యంత్రమే లెక్కగట్టును. లేని తేదీలు మినహాయింపులుగ వేఱుగ నుండును. గూగుల్ క్యాలెండరు వంటివానిలో ఇట్టి పట్టిక తయారుచేసి సంఘపు వెబ్‌పేజిలో చూపవచ్చును. అపుడు సభ్యుడు పొలముగట్టున నుండియే ఫోనులో ఏ దినము నిండినదో, ఏ దినము ఖాళీయో తెలిసికొనును. కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2022లో 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. కంప్యూటరు చేరిన సంఘమున కిది పెద్ద శ్రమ కాదు.

అయినను ఫోను పట్టిక యొక్కటే చాలదు. 2025లో కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు పత్తి కొనుగోలునకు "కపాస్ కిసాన్" ఆప్‌ను ప్రవేశపెట్టిరి. రైతు పేరు నమోదు చేసికొని, పత్తి తెచ్చు దినమునకు ముందుగా స్లాటు తీసికొనవలెను. ఆ 2025-26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతము దాటిన ధర తగ్గును. 12 శాతము దాటిన కొనుగోలే లేదు. స్లాటు దినమునకు ముందు వాన కురిసినచో రైతు గతి యేమి? ఆ దినమును వదలుకొని మఱియొక దినము తీసికొనుట సులభము కానిచో, తడిసిన పత్తిని దళారికి తక్కువ ధరకు అమ్మవలసివచ్చును. ఫోను లేనివానికి స్లాటు దక్కుట కష్టము. కనుక పట్టికలో స్లాటు తీసికొనుట ఎంత ముఖ్యమో, మార్చుకొనుటయు అంతే ముఖ్యము.

సంఘములు పాటింపదగిన నియమములు

1. వెబ్‌పేజిలోని పట్టికయే సంఘ కార్యాలయపు బల్లమీదను ఉండవలెను. రెంటికి భేద మున్నచో ఏది ప్రమాణమో ముందే తీర్మానింపవలెను.

2. ఫోను లేని సభ్యుడు కార్యాలయమునకు వచ్చి నోటితో చెప్పినను వంతు వ్రాయవలెను. అట్టివారికై కొంత చోటు ప్రత్యేకింపవలెను.

3. అందఱు చూచు పుటలో "నిండినది", "ఖాళీ" అని మాత్రమే యుండిన చాలును. సభ్యుల ఫోను నంబర్లు అందు చేర్చరాదు.

4. వంతు వదలుకొనుటకు గడువు నిర్ణయింపవలెను. ఖాళీ పడిన వంతు తరువాత వేచియున్న వానికి క్రమముగ పోవలెను గాని కోరినవానికి పోరాదు.

5. గడచిన వారముల పట్టికలను చెఱుపరాదు. ఎవరికి ఎన్ని వంతులు వచ్చినవో ఏటికొకమాఱు మహాజన సభలో చదివి వినిపింపవలెను.

కడపటి నియమము ముఖ్యమైనది. వంతు తప్పిన రైతు ఒక్క వారములో నష్టమును నిరూపింపలేడు. ఏడాది పట్టిక చూచినచో ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనునది అంకెలే చెప్పును. సభ్యులు తమ సంఘమునందలి పట్టికను ఈ నెల యొకమాఱు చూడవలెను. అది కనబడుచోట లేనిచో, ఎందుకు లేదని రాబోవు సభలో అడుగవలెను. అడుగుట ప్రతి వాటాదారుని హక్కు.