హార్డ్‌డిస్కుకూ ఎండదెబ్బ!

మే నెల మధ్యాహ్నం ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఓ ఫొటో స్టూడియోలోకి తొంగిచూడండి. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ. లోపల కంప్యూటర్ పొద్దున్నుంచీ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ముహూర్తాలు అయిపోయాయి, ఆల్బమ్‌లు ఇంకా ప్రింటుకి వెళ్లలేదు. ఎవరెవరి ఇంటి పెళ్లిళ్లో ఆ పెట్టెలోని హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి. మరి దానికి ఈ వేడి పడుతుందా?

పడుతుంది, కొంతవరకు. కంప్యూటర్లలో వాడే చాలా హార్డ్‌డిస్కులకు కంపెనీలు చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీల సెల్సియస్. అది గది వేడి కాదు, డిస్కు వేడి. నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పళ్లెం తనంతట తానే వేడెక్కుతుంది. గాలి బాగా ఆడే పెట్టెలో కూడా డిస్కు గది కన్నా పది డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. గదిలో 38 ఉంటే డిస్కు యాభైకి చేరువలో ఉన్నట్టే!

అయితే చల్లగా ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. గూగుల్ ఇంజినీర్లు తమ సంస్థలోని లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. కొత్త డిస్కుల్లో వేడికీ, పాడవడానికీ పెద్ద సంబంధం కనబడలేదు. పైగా మరీ చల్లగా ఉన్నవే కాస్త ఎక్కువగా మొరాయించాయి. మూడేళ్లు పైబడిన వాటిలో మాత్రం 45 డిగ్రీలు దాటితే తేడా తెలిసింది. అంటే భయపడాల్సింది పాత డిస్కు ఉన్నవాళ్లే.

ఈ ఊళ్లలో ఎండకు తోడు ఇంకో శత్రువుంది. ఒకటి పత్తి మార్కెట్టుకు, రెండోది చేనేతకు పెట్టింది పేరు. జిన్నింగు మిల్లు పక్కనో, మగ్గమున్న ఇంట్లోనో కంప్యూటర్ ఉంటే నూగంతా ఫ్యాను రెక్కలకీ, గాలి రంధ్రాలకీ పట్టేస్తుంది. డిస్కు వేడి పోయే దారి మూసుకుపోతుంది. వేసవి ముందు ఓసారి పెట్టె విప్పి, మెత్తని బ్రష్‌తో దులిపితే ఏసీ పెట్టినంత మేలు. డిస్కు మీదుండే చిన్న రంధ్రాన్ని మాత్రం స్టిక్కర్లతో మూయకూడదు, అది దాని ముక్కు!

వేడెంతో తెలుసుకోవడానికి థర్మామీటర్ అక్కర్లేదు. డిస్కులోనే సెన్సర్ ఉంటుంది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ అంకె చూపిస్తుంది. అది పదేపదే యాభై దాటుతుంటే ఫొటోలను వెంటనే ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవాలి.

చెడిపోయిన డిస్కును ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ తిరుగుతుందని ఓ పాత చిట్కా ఉంది. ఫ్రిజ్ నుంచి వేడి గాలిలోకి తీయగానే చెంబు మీద పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది. పెళ్లి ఫొటోల మీద ఆ ప్రయోగం వద్దు.